ఆటోమేటిక్ గేర్‌బాక్స్: ఇంట్లో దించాలా, షాపుకి ఇవ్వాలా?

అమెరికాలో పాత కారు నడిపే మనవాళ్ళకి ఏదో ఒక రోజు ఈ లెక్క ఎదురవుతుంది. కారు అమ్మితే అయిదు వేల డాలర్లు కూడా రావు, గేర్‌బాక్స్ మార్చడానికి షాపువాడు మాత్రం మూడు నాలుగు వేలు చెప్తాడు. ఇంట్లో గ్యారేజీ ఉంది, బ్రేక్ ప్యాడ్లు ఎలాగూ మనమే మార్చుకుంటున్నాం, మన మోడల్‌కే సరిపోయే వీడియో యూట్యూబ్‌లో దొరికింది, ఒక లాంగ్ వీకెండ్ కూర్చుంటే అయిపోదా అనిపిస్తుంది. కొన్ని కార్లకి నిజంగానే అయిపోతుంది. కొన్నింటికి మాత్రం బోల్టులు డబ్బాల్లో, కారు స్టాండ్ల మీద, నెలల తరబడి అలాగే ఉండిపోతుంది. ఈ తేడా మన పనితనంలో కంటే ఆ కారు కింద అమరిక ఎలా ఉందన్న దాంట్లోనే ఎక్కువ ఉంటుందని నా గట్టి నమ్మకం. అందుకే డబ్బు లెక్క తర్వాత వేసుకోండి, ముందు టార్చ్ పట్టుకుని కారు కిందకి చూడండి.

అంతకంటే ముందు ఇంకో ప్రశ్న ఉంది, అసలు దించాల్సిన అవసరం ఉందా అని. చెక్ ఇంజన్ లైట్ వెలిగితే పార్ట్స్ షాపులో ఊరికే స్కాన్ చేసి పీ0700 అనే కోడ్ వచ్చిందంటారు. గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఏదో కోడ్ పడిందని తప్ప అందులో ఇంకేం లేదు, ఆ అసలు కోడ్ ఏంటో తెలియాలంటే ట్రాన్స్‌మిషన్ మాడ్యూల్‌ని కూడా చదివే స్కానర్ పెట్టాలి. పీ0741 వస్తే టార్క్ కన్వర్టర్‌లోని (ఇంజన్ తిప్పుడుని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించేది) లాకప్ క్లచ్ పట్టుకోవట్లేదని, కానీ కారణం కన్వర్టరే కానక్కర్లేదు, సోలనాయిడ్ (కరెంటుతో ఆయిల్ దారి తెరిచి మూసే చిన్న వాల్వు) అయినా వాల్వ్ బాడీ (ఆయిల్‌ని ఏ గేరుకి పంపాలో చూసే భాగం) అయినా కావచ్చు. షెవ్రొలేలో వచ్చిన 4ఎల్60ఈ లాంటి గేర్‌బాక్సుల్లో సోలనాయిడ్లు కింద పాన్ (ఆయిల్ పళ్ళెం) విప్పితే చేతికందుతాయి, గేర్‌బాక్స్ కదిలించక్కర్లేదు. హోండాల్లో ప్రెషర్ స్విచ్‌లు బాక్స్ బయటే ఉంటాయి, పానా పట్టుకుంటే వచ్చేస్తాయి. ఆయిల్ మట్టం కూడా సరిగ్గా చూడండి. డిప్‌స్టిక్ ఉన్న చాలా కార్లలో ఇంజన్ వేడెక్కి, నడుస్తూ ఉండగా చూడాలి. హోండాలో మాత్రం ఇంజన్ ఆపిన 60 నుంచి 90 సెకన్ల లోపల చూడాలి. ఈ ఒక్క తేడా తెలియక ఆయిల్ ఎక్కువ పోసేసి, దాంతో గేర్లు జారుతుంటే బాక్సే పోయిందనుకునేవాళ్ళున్నారు.

పాన్ విప్పినప్పుడు అయస్కాంతం మీద బూడిద రంగు మెత్తటి పేస్ట్ ఉంటే భయపడక్కర్లేదు, అది మామూలు అరుగుదల. వేలికి గుచ్చుకునే మెరుపు ముక్కలు, నల్లగా మాడిపోయిన వాసనేస్తున్న ఆయిల్, రివర్స్ అసలే పడకపోవడం, ఇవి కనిపించాక ఇంక అనుమానం పెట్టుకోవద్దు, బాక్స్ దిగాల్సిందే. ఇక ఎవరు దించాలన్నదే మిగిలింది.

వెనక చక్రాల బండి, ముందు చక్రాల బండి

నన్ను అడిగితే ఎంపికలో ముప్పాతిక వంతు ఇక్కడే తేలిపోతుంది. సిల్వరాడో, తాహో లాంటి పికప్పులూ ఎస్‌యూవీలూ, 2011 దాకా వచ్చిన ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా, ఇంజన్ బలం వెనక చక్రాలకి వెళ్ళే ఈ బండ్లలో ఇంజన్ కారు పొడవునా ఉంటుంది, గేర్‌బాక్స్ దాని వెనక సీట్ల మధ్య కింద పొడుగ్గా ఉంటుంది. కిందకి దూరితే మొత్తం కళ్ళెదురుగానే కనిపిస్తుంది. ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయడం, ఆయిల్ వదలడం, డ్రైవ్ షాఫ్ట్‌కి పెయింట్‌తో గుర్తు పెట్టి లాగేయడం, ఆయిల్ కూలర్ పైపులు, వైరింగ్, షిఫ్ట్ కేబుల్ విప్పడం, స్టార్టర్ తీయడం. ఆ తర్వాత కన్వర్టర్ బోల్టులు, బాక్స్ కింద జాకీ, క్రాస్ మెంబర్ (బాక్స్‌ని మోసే అడ్డపట్టీ) విప్పి వెనక వైపు కొంచెం దించితే బెల్‌హౌసింగ్ (బాక్స్ ఇంజన్‌కి ఆనే ముందు భాగం) పై బోల్టులకి పొడవాటి ఎక్స్‌టెన్షన్ దూరుతుంది. సైలెన్సర్ పైపు అడ్డొచ్చి దాని తుప్పు పట్టిన నట్లు ఏడిపిస్తాయి, అది తప్ప అన్నీ తార్కికంగా వరుసలో వస్తాయి. టూ వీల్ డ్రైవ్ బండి, సిమెంట్ నేల, పక్కన ఒక మనిషి ఉంటే ఇంట్లో దించుకోండి అని ధైర్యంగా చెప్తాను. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు చక్రాలకి కూడా బలం పంచే పెట్టె) ముందు విడిగా దించాలి, అంతవరకు పని పెరుగుతుంది కానీ స్వభావం మారదు.

క్యామ్రీ, అకార్డ్, ఆల్టిమా, అంటే మనవాళ్ళు ఎక్కువగా కొనే సెడాన్లు దాదాపు అన్నీ ముందు చక్రాల బండ్లు. వాటిలో ఇంజన్ అడ్డంగా ఉంటుంది, గేర్‌బాక్స్ దాని పక్కన ఫెండర్ వైపు ఇరుక్కుని ఉంటుంది. దాన్ని తీయాలంటే ముందు చక్రాల యాక్సిల్ నట్లు విప్పాలి, కారుని బట్టి 30 నుంచి 36 మిల్లీమీటర్ల సాకెట్ కావాలి, అది మామూలు సెట్లో ఉండదు. బాల్ జాయింట్లు విడగొట్టి, రెండు యాక్సిల్స్ లాగి, ఇంజన్‌ని పైనుంచి సపోర్ట్ బార్‌తో వేలాడదీసి, మౌంట్లు విప్పి, చాలా మోడల్స్‌లో సబ్‌ఫ్రేమ్ (ఇంజన్ కింది ఇనప చట్రం) కూడా దించాలి. సబ్‌ఫ్రేమ్ మీదే స్టీరింగ్ ర్యాక్ కూర్చుని ఉంటుంది కాబట్టి స్టీరింగ్ జాయింట్ విడదీయాల్సి వస్తుంది, అలా విడిపోయిన స్టీరింగ్ చక్రం ఊరికే తిరిగిందంటే లోపల ఎయిర్‌బ్యాగ్‌కి వెళ్ళే క్లాక్ స్ప్రింగ్ తెగిపోతుంది. అందుకే మొదట్లోనే చక్రాలు సూటిగా పెట్టి స్టీరింగ్‌ని సీట్ బెల్టుతో కట్టేసి ఉంచాలి. ఇలాంటి చిన్న విషయాలు పది ఉంటాయి, ప్రతిదానికీ డబ్బో రోజో ఖర్చవుతుంది. ఇంతకు ముందు స్వయంగా యాక్సిల్ మార్చిన అనుభవం ఉంటే ప్రయత్నించండి. లేకపోతే ఈ పని చిన్న ఇండిపెండెంట్ షాపుకి ఇవ్వడమే మేలు. రావ్4, సీఆర్-వీల్లో ఆల్ వీల్ డ్రైవ్ మోడల్స్ అయితే నా సలహా సూటిగా వద్దు అనే.

ఒక్క గేర్‌బాక్సా, ఇంజన్‌తో కలిపా?

ముందు చక్రాల బండికి కొందరు ఇంజన్, గేర్‌బాక్స్ రెండూ కలిపి పైనుంచి హాయిస్ట్‌తో ఎత్తేస్తారు. బయటికి వచ్చాక నిలబడి హాయిగా విప్పుకోవచ్చు, బెల్‌హౌసింగ్ బోల్టులన్నీ కనిపిస్తాయి, ఎక్కించేటప్పుడు కూడా రెండూ బయటే కలిపేయొచ్చు. వినడానికి బాగుంటుంది. కానీ దానికోసం రేడియేటర్, కూలెంట్ పైపులు, పెట్రోల్ లైన్, ఇంజన్ వైరింగ్ మొత్తం విప్పాలి. ఏసీ పైపులు విప్పితే గ్యాస్ గాల్లోకి పోతుంది, అమెరికాలో అలా వదలడం చట్టరీత్యా నేరం, కాబట్టి కంప్రెసర్‌ని పైపులతో సహా ఊడదీసి పక్కకి కట్టుకోవాలి. ఇంజన్‌కి కూడా వెనక మెయిన్ సీల్ కారుతుంటే, టైమింగ్ చైన్ పని ఉంటే, అప్పుడు కలిపి ఎత్తడానికి అర్థముంది. గేర్‌బాక్స్ ఒక్కదానికోసం నేనైతే ఆ దారి పట్టను, కింద నుంచి దించడమే తక్కువ విప్పుడు.

జాకీ దగ్గర పిసినారితనం వద్దు

చాలా కార్ల ఆటోమేటిక్ బాక్సులు 70 నుంచి 90 కిలోల మధ్య ఉంటాయి, పైగా బరువు ఒక పక్కకి ఉంటుంది. దాన్ని ఛాతీ మీదకి దించుకుందాం అనుకునే వయసువాళ్ళు వీడియోల్లో కనిపిస్తారు, వాళ్ళని చూసి నేర్చుకోకండి. మూడు దారులున్నాయి. మామూలు ఫ్లోర్ జాకీ మీద చెక్క పెట్టి దించడం చవక, కానీ బాక్స్ వెనక్కి వంగిందంటే పట్టుకోవడానికి ఏమీ ఉండదు, ఎక్కించేటప్పుడు కోణం సరిపెట్టడం ఇంకా నరకం. అదే జాకీకి బిగించే అడాప్టర్ ప్లేట్ కొంచెం నయం, గొలుసుతో కట్టొచ్చు. అసలైన లో-ప్రొఫైల్ ట్రాన్స్‌మిషన్ జాకీ అయితే ముందుకీ వెనక్కీ పక్కలకీ వంచే స్క్రూలు ఉంటాయి, బెల్టుతో కట్టేయొచ్చు. దించడానికి ఫ్లోర్ జాకీ సరిపోతుందేమో కానీ ఎక్కించడానికి ఈ స్క్రూలు లేకపోతే డోవెల్ పిన్నుల (బాక్స్‌నీ ఇంజన్‌నీ సూటిగా కుదిర్చేవి) దగ్గర గంటలు పోతాయి. అద్దెకి తెచ్చుకోండి, లేదా కొని పని అయ్యాక అమ్మేయండి, దీని మీద మాత్రం ఖర్చు పెట్టండి.

ఎత్తు ఇంకో సమస్య. బాక్స్ ఇంజన్ నుంచి ఊడి కిందకి వచ్చాక, జాకీతో సహా బంపర్ కింద నుంచో పక్క నుంచో బయటికి జరగాలి. దానికి రెండడుగుల దాకా ఖాళీ కావాలి. అంత ఎత్తులో కారుని నిలబెట్టడానికి పొట్టి స్టాండ్లు చాలవు, పెద్ద స్టాండ్లు కావాలి. స్టాండ్ల విషయంలో ఒక నిజం చెప్పాలి: 2020లో హార్బర్ ఫ్రైట్ తన పిట్స్‌బర్గ్ బ్రాండ్ 3 టన్నుల, 6 టన్నుల జాక్ స్టాండ్లని రీకాల్ చేసింది, పళ్ళు పూర్తిగా పట్టుకోక బరువు మీద హఠాత్తుగా దిగిపోవచ్చని. సెకండ్ హ్యాండ్‌లో స్టాండ్లు కొంటుంటే, గ్యారేజ్ సేల్‌లో దొరికాయని తెచ్చుకుంటుంటే ఐటమ్ నంబర్ రీకాల్ లిస్టులో ఉందేమో చూసుకోండి. సిమెంట్ ఇటుకలు మాత్రం ఎప్పుడూ వద్దు, అవి బరువుకి చెప్పకుండా పగులుతాయి. తారు డ్రైవ్‌వే ఎండకి మెత్తబడి స్టాండ్ కాళ్ళు దిగబడతాయి, టెక్సాస్ ఎండలో మరీను, కింద మందపాటి ప్లైవుడ్ పలకలు వేయాలి. కారు నిలబెట్టాక కింద దూరే ముందు చేత్తో గట్టిగా ఊపి చూడండి, కదిలితే మళ్ళీ దించి నిలబెట్టండి.

అపార్ట్‌మెంట్‌లో ఉంటే అక్కడితో ఆగిపోండి. చాలా లీజుల్లో పార్కింగ్‌లో రిపేర్లు చేయకూడదని రాసే ఉంటుంది, ఒకవేళ లేకపోయినా రెండు మూడు రోజులు స్టాండ్ల మీద కారు, పక్కనే పిల్లలు ఆడుకోవడం, ఇది చేయదగ్గ పని కాదు.

కన్వర్టర్ దగ్గరే అసలు పరీక్ష

ఇంట్లో చేసుకోవాలని తేల్చుకున్నవాళ్ళు ఈ భాగం నెమ్మదిగా చదవండి. ఆటోమేటిక్ బాక్స్ ముందు భాగంలో గుండ్రటి టార్క్ కన్వర్టర్ ఉంటుంది, అది ఇంజన్ వైపున్న ఫ్లెక్స్‌ప్లేట్‌కి చిన్న బోల్టులతో బిగించి ఉంటుంది. 4ఎల్60ఈలో 3, టయోటాల్లో సాధారణంగా 6, హోండాల్లో 8. ఇన్‌స్పెక్షన్ కవర్ తీసి, కిటికీలో కనిపించిన బోల్టు విప్పి, క్రాంక్ పుల్లీ బోల్టుకి రాట్చెట్ పెట్టి ఇంజన్‌ని తిరిగే దిశలోనే చేత్తో తిప్పితే తర్వాతి బోల్టు కిటికీలోకి వస్తుంది. ఎన్ని ఉన్నాయో ముందే తెలుసుకుని లెక్కపెట్టండి, ఒక్కటి మిగిలినా బాక్స్ వెనక్కి రాదు, రాకపోయేసరికి మనిషి స్క్రూడ్రైవర్‌తో పొడవడం మొదలుపెడతాడు, అల్యూమినియం కేస్ పగులుతుంది.

కన్వర్టర్ గేర్‌బాక్స్‌తో పాటే రావాలి, ఇంజన్‌కి అతుక్కుని మిగలకూడదు. మిగిలితే పంప్ సీల్ చిరుగుతుంది, లోపలి ఆయిల్ మొత్తం మీ మీదే. వచ్చాక బెల్‌హౌసింగ్‌కి అడ్డంగా ఒక తీగో పట్టీనో కట్టి కన్వర్టర్ జారకుండా పట్టి ఉంచాలి.

ఎక్కించేటప్పుడు దీనికి రెట్టింపు జాగ్రత్త. కన్వర్టర్‌ని బాక్స్‌లోకి తోస్తూ తిప్పుతుంటే అది లోపల ఒక్కో పళ్ళవరసలో కూర్చుంటూ టక్ మని శబ్దం చేస్తుంది. ఇన్‌పుట్ షాఫ్ట్, స్టేటర్ షాఫ్ట్, చివరికి పంప్, ఇలా రెండు మూడు సార్లు టక్ మనాలి. ఒక్కసారి వినగానే అయిపోయిందనుకుంటారు, అక్కడే కొంప మునిగేది. బెల్‌హౌసింగ్ అంచు మీద స్టీల్ స్కేల్ అడ్డంగా పెట్టి, దాని నుంచి కన్వర్టర్ బోల్టు చెవుల దాకా ఎంత లోతు ఉందో కొలిచి, మీ మోడల్ రిపేర్ మాన్యువల్‌లో ఇచ్చిన కొలతతో సరిచూడండి. విప్పేటప్పుడే కొలిచి గేర్‌బాక్స్ మీద మార్కర్‌తో రాసుకుంటే ఇంకా మంచిది. పంప్‌లోకి దిగని కన్వర్టర్‌తో బాక్స్‌ని ఇంజన్‌కి ఆనించి బోల్టులతో లాగారా, పంప్ గేర్ పగిలిపోతుంది, కొత్త బాక్స్ మొదటి స్టార్ట్‌కే పాడవుతుంది. బెల్‌హౌసింగ్ రెండు ముఖాలూ చేతి తోపుడుకే కలిసిపోవాలి. కలిశాక బోల్టులు బిగించక ముందే కన్వర్టర్ వేళ్ళతో తిప్పితే సులువుగా తిరగాలి, ఫ్లెక్స్‌ప్లేట్‌కీ దానికీ మధ్య కాస్త సందు ఉండాలి. సందు లేదంటే మళ్ళీ వెనక్కి లాగాలి, ఇంకో మాట లేదు.

బెల్‌హౌసింగ్ బోల్టుల పొడవులు ఒకేలా ఉండవు. అట్టముక్క మీద బాక్స్ ముఖం గీసి, ఏ కన్నంలోంచి తీసిన బోల్టు ఆ చోటే గుచ్చి పెట్టుకోండి.

దించింది మీరే, బాగుచేసేది ఎవరు?

దించి తెచ్చిన బాక్స్‌ని బాగుచేసి ఇచ్చే రీబిల్డ్ షాపులు చాలా ఊళ్ళలో ఉన్నాయి, లేబర్‌లో పెద్ద భాగం దించడం ఎక్కించడమే కాబట్టి బిల్లు బాగా తగ్గుతుంది. వెనక చక్రాల బండికి ఇది నాకు అన్నిటికంటే నచ్చిన దారి. బరువు పని మనది, లోపలి క్లచ్ ప్యాకులూ సీళ్ళూ రోజూ అదే పని చేసే మనిషివి. బాక్స్‌ని ఇంట్లో మనమే విప్పి కొత్త క్లచ్‌లు వేసుకుందాం అనే ఆలోచన మొదటిసారికి వద్దు, స్నాప్ రింగులకీ స్ప్రింగులకీ ప్రత్యేక పనిముట్లు కావాలి, వాల్వ్ బాడీలోని చిన్న చెక్ బాల్స్‌లో ఒకటి దొర్లిపోయినా గేరు పడదు.

సాల్వేజ్ యార్డు (పాడైన కార్ల భాగాలు అమ్మే చోటు) నుంచి వాడిన బాక్స్ తేవడం చవకైన దారి. కార్-పార్ట్ డాట్ కామ్‌లో మీ జిప్ కోడ్ పెడితే చుట్టుపక్కల యార్డుల్లో ఏది ఎన్ని మైళ్ళు తిరిగిందో కనిపిస్తుంది. టయోటాలకి నేను ఈ దారినే ఇష్టపడతాను. హోండాల్లో 2000ల మొదట్లో వచ్చిన బాక్సులకి మాత్రం జాగ్రత్త, 2004లో హోండా తన అయిదు గేర్ల ఆటోమేటిక్ ఉన్న అకార్డ్ వి6, ఒడిస్సీ, పైలట్ లాంటి వాటిని రెండో గేరు వేడెక్కి దెబ్బతింటోందని రీకాల్ చేసింది, అదే కుటుంబం నుంచి ఇంకో పాత బాక్స్ తెచ్చి పెట్టుకుంటే అదే జబ్బు మళ్ళీ తెచ్చుకున్నట్టే. నిస్సాన్ సీవీటీలు (విడి గేర్లు లేని ఆటోమేటిక్ బాక్సులు) ఇంకో కథ. లోపల స్టీల్ బెల్టు, రెండు పుల్లీలు ఉంటాయి, ఇంట్లో బాగుచేసేది కాదు, మార్చితే మొత్తం యూనిట్ మార్చాలి, కాలిబ్రేషన్ డేటా కంప్యూటర్‌కి సరిపోవాలి, దానికి డీలర్ స్థాయి స్కానర్ కావాలి. 2003 నుంచి 2010 మోడల్స్‌కి నిస్సాన్ సీవీటీ వారంటీని 10 ఏళ్ళు లేదా 1,20,000 మైళ్ళకి పెంచిందంటేనే సమస్య ఎంతో అర్థమవుతుంది, ఆ గడువులు ఇప్పుడు దాటిపోయాయి. సీవీటీ పోయిన పాత ఆల్టిమా చేతిలో ఉంటే దించడం మీద వీకెండ్ పెట్టకండి, ఉన్నదున్నట్టు అమ్మేయండి.

రీబిల్ట్ బాక్స్ కొనేవాళ్ళు వారంటీ కాగితం ముందు చదవండి. లైసెన్సున్న షాపు బిగిస్తేనే వారంటీ అని చాలామంది అమ్మకందార్లు రాస్తారు, కూలర్ ఫ్లష్ చేసినట్టు బిల్లు చూపమంటారు. ఇంట్లో బిగిస్తే ఆ వారంటీ చిత్తుకాగితం కింద లెక్క, అందుకే ఫోన్‌లో అడిగి ఈమెయిల్‌లో రాయించుకోండి. కూలర్ మాట నిజంగానే ముఖ్యం. పాత బాక్స్ వదిలిన లోహపు రజను పైపుల్లోనూ కూలర్‌లోనూ ఉండిపోయి తిన్నగా కొత్త బాక్స్‌లోకి వస్తుంది. లోహం ఎక్కువగా పడి ఉంటే ఫ్లష్‌తో సరిపెట్టుకోకుండా కూలరే మార్చేయండి. బాక్స్ బయట ఉన్నప్పుడే ఇంజన్ వెనక మెయిన్ సీల్, పంప్ సీల్, యాక్సిల్ సీళ్ళు కొత్తవి వేయండి, వీటికోసం మళ్ళీ దించే ఓపిక ఎవరికీ ఉండదు. ఆయిల్ మాత్రం ఆ కంపెనీ చెప్పిందే, టయోటా డబ్ల్యూఎస్ అడిగితే డబ్ల్యూఎస్, హోండా డీడబ్ల్యూ-1 అడిగితే అదే. వదిలిన పాత ఆయిల్‌ని మూతున్న డబ్బాలో పోసి ఓరైలీ లాంటి పార్ట్స్ షాపులో ఇస్తే తీసుకుంటారు.

హైదరాబాద్, విజయవాడల్లో అయితే

అక్కడ లెక్క వేరు. 2014లో మారుతి సెలెరియోతో మొదలై ఇప్పుడు చిన్న కార్లన్నిటా కనిపించే ఏఎంటీ నిజానికి మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, దానికి క్లచ్ నొక్కి గేరు మార్చే యాక్చుయేటర్ తగిలించారు. గేరు పడకుండా మొండికేస్తే చాలాసార్లు తప్పు ఆ యాక్చుయేటర్‌దో సెన్సార్‌దో, బాక్స్ దించకుండానే బాగవుతుంది. క్లచ్ ప్లేట్ అరిగితేనే దించాలి, ఆ పని ఏ మంచి షెడ్డులోనైనా చేస్తారు, క్లచ్ మార్చాక స్కానర్‌తో కారు కంప్యూటర్‌కి కొత్త క్లచ్‌ని నేర్పించే పని చేయగలరా అని మాత్రం ముందే అడగండి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీలో (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) మెకట్రానిక్ యూనిట్ (గేర్లు మార్చే కంప్యూటర్, వాల్వులు ఉండే భాగం) పోతే దాన్ని బాక్స్ కారులో ఉండగానే మార్చొచ్చు, "మొత్తం దించాలి" అని ఎవరైనా అంటే ఇంకో చోట అడగండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మనమే దించుకోవడానికి అక్కడ కారణమే లేదు, లేబర్‌లో మిగిలేది తక్కువ, రిస్క్ అంతే ఉంటుంది.

మొదలుపెట్టే ముందు ఆఖరి మాట ముందు చక్రాల బండివాళ్ళకి. సగంలో కుదరకపోతే అప్పుడే షాపుకి తోలిద్దాంలే అనుకుంటారు, అది అంత సులువు కాదు. యాక్సిల్ లాగేసిన కారుని చక్రాల మీద దొర్లించకూడదు. చాలా కార్లలో హబ్ బేరింగ్‌ని బిగించి పట్టి ఉంచేది ఆ యాక్సిల్ నట్టే, అది లేకుండా బరువు పడితే బేరింగ్ పాడవుతుంది. టో ట్రక్ ఎక్కించాలంటే యాక్సిల్స్ తిరిగి బిగించాలి, లేదా పాత యాక్సిల్ చివరి ముక్కనైనా హబ్‌లో పెట్టి నట్టు టార్క్‌కి బిగించాలి. కాబట్టి షాపుకి ఇచ్చే ఆలోచన ఏమాత్రం ఉన్నా, యాక్సిల్ నట్టు మీద పానా పెట్టక ముందే, కారు తన చక్రాల మీద తాను నిలబడి ఉన్నప్పుడే రెండు మూడు షాపులకి ఫోన్ చేసి రేట్లు రాసుకుని పెట్టుకోండి.